సపోర్ట్ ప్రాజెక్ట్‌లో పడ్డ మా చిన్నోడికి

చిన్నా,

మొన్న ఫోన్‌లో తెగ విసుక్కున్నావు కదా, "ఫ్రెండ్స్ అందరికీ డెవలప్‌మెంట్ ఇచ్చారమ్మా, నన్నేమో సపోర్ట్‌లో పడేశారు, ఎవడో ఎప్పుడో రాసిన కోడ్‌కి అతుకులేసుకుంటూ కూర్చున్నా" అని. అప్పటికేదో సర్దిచెప్పి పెట్టేశాను గానీ, పాలిటెక్నిక్ ల్యాబ్‌లో పాడైన పవర్ సప్లైలు, సీఆర్‌ఓలు (కరెంట్ తరంగాల్ని తెర మీద చూపించే మిషన్లు) బాగుచేస్తూనే రిటైరైన దాన్ని, నాకు కాస్త గుచ్చుకుందిరా, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, ట్రైన్‌లో తీరిగ్గా చదువుకో.

నీకు చిన్నప్పటి నుంచీ స్పేస్ సినిమాల పిచ్చి, నీ పక్కన కూర్చుని నేనూ అన్నీ చూశాను. వాటిల్లో కొత్తది కనిపెట్టినవాడు చాలాసార్లు ఓ పిచ్చి ప్రొఫెసరో విలనో అయ్యుంటాడు, కథని లాక్కొచ్చేదేమో పాడైనదాన్ని బాగుచేసేవాళ్ళు. అసలు వస్తువు పాడవకపోతే కథే లేదు, మన ఆదిత్య 369లో టైమ్ మిషన్ బుద్ధిగా పనిచేసుంటే వాళ్ళు 1526 నుంచి తిన్నగా ఇంటికొచ్చేసేవాళ్ళు, మనకి 2504 చూసే భాగ్యం ఉండేదా?

నాకు బాగా నచ్చిన రిపేర్ మాత్రం 1980లో వచ్చిన స్టార్ వార్స్ సినిమా ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్‌లోది. అందులో ఫాల్కన్ అనే అంతరిక్ష ఓడ హైపర్‌డ్రైవ్ (కాంతి కన్నా వేగంగా దూసుకుపోయే ఇంజన్) సినిమా మొత్తం మొరాయిస్తూనే ఉంటుంది, ఓడ నడిపే హాన్ సోలో నేల పలకలు ఊడదీసి వైర్లలో దూరతాడు, టూల్‌బాక్స్ నెత్తిన పడుతుంది, చివరికి అతని పాత స్నేహితుడు లాండో మనుషులు బాగుచేశారంటారు, తీరా పారిపోయే టైమ్‌కి మళ్ళీ కదలదు. అప్పుడు ఆర్‌టూ ఉంది చూడు, ఆ డబ్బా రోబో, ఓ పక్క సీ-త్రీపీఓ అనే తోటి రోబోకి ఊడిన కాలు తగిలిస్తున్నదల్లా ఆ పని వదిలేసి వెళ్ళి హైపర్‌డ్రైవ్‌ని ఆన్ చేస్తుంది, అంతే. పార్ట్ ఏదీ పోలేదు, శత్రువులు దాన్ని పనిచేయకుండా ఆపేసి పెట్టారు, ఆ సంగతి ఆర్‌టూకి లాండో ఊరి కంప్యూటర్ చెప్పింది. మా ల్యాబ్‌లో సగం కంప్లైంట్లు ఇలాంటివే. మేడం బోర్డ్ కాలిపోయింది అని పిల్లలు పరిగెత్తుకొచ్చేవాళ్ళు, చూస్తే ఫ్యూజో, లూజ్ కాంటాక్టో, లేదంటే ఓ డ్రై సోల్డర్ (సరిగ్గా పట్టని టంకం), పైకి అతుక్కున్నట్టే ఉంటుంది, వేలితో కాస్త కదిపితే గానీ దొరకదు. మల్టీమీటర్ పట్టుకుని ఒక్కో పాయింట్ చూసుకుంటూ వచ్చేదాకా ఏ పార్టూ పీకొద్దని మొత్తుకునేదాన్ని.

సైలెంట్ రన్నింగ్ అని ఇంకోటుంది, 1972ది, నువ్వు చూసుండవు. తీసింది డగ్లస్ ట్రంబుల్, 2001 ఏ స్పేస్ ఒడిస్సీకి ఎఫెక్ట్స్ చేసినాయన. భూమ్మీద అడవులన్నీ పోయి, మిగిలిన కాసిని చెట్లని ఓడలకి కట్టిన గాజు గోళాల్లో పెట్టి అంతరిక్షంలో తిప్పుతుంటారు. ఇక చాలు, పేల్చేసి వచ్చేయండి అని ఆర్డర్ వస్తే లోవెల్ అనే అతను తోటివాళ్ళని చంపి మరీ ఒక అడవిని కాపాడుకుని శని గ్రహం అవతలికి పట్టుకుపోతాడు. అక్కడ చెట్లు వాడిపోవడం మొదలవుతుంది. అతను చెట్ల గురించే చదువుకున్నవాడు, రాత్రింబవళ్ళు అడవిలోనే ఉంటాడు, ఆకులు పట్టుకుని చూస్తాడు, పుస్తకాలు తిరగేస్తాడు, ఎంతకీ తెలియదు, సూర్యుడికి అంత దూరం వచ్చేశాక వెలుతురు ఎక్కడిది అన్న ముక్క చాలా ఆలస్యంగా తడుతుంది, అప్పుడు గబగబా లైట్లు బిగిస్తాడు. చదువుకున్నవాడికి చిన్న కారణం తట్టకపోవడం ఉంది చూశావా, అది ఆ సినిమాలో నేను పూర్తిగా నమ్మిన చోటు.

అందులో రిపేర్ కాని కేసు కూడా ఉంది. అతనికి హ్యూయీ, డ్యూయీ అని రెండు పొట్టి రోబోలు తోడుంటాయి (కాళ్ళు లేని నటులు ఆ పెట్టెల్లో దూరి చేతులతో నడిపించారట, అందుకే ఆ నడక మిషన్ నడకలా అనిపించదు). ఇతనే బండి మీద స్పీడుగా పోతూ హ్యూయీని గుద్దేస్తాడు. తర్వాత విప్పుకుని కూర్చుని బాగుచేయాలని ఎంత చూసినా కాదు, డ్యూయీ పక్కనే నిలబడి చూస్తూ ఉంటుంది. ఎందుకు కాలేదో మనకి చెప్పరు కూడా. కొన్ని బోర్డులు అంతే, ఐసీలు (చిప్‌లు) మార్చినా ట్రాక్‌లు (బోర్డ్ మీద రాగి గీతలు) గీకినా లేవవు. హాలీవుడ్ వాళ్ళు ఇలాంటిది చూపించడం తక్కువ, హీరో స్పానర్ పట్టుకుంటే పని అయిపోవాలి వాళ్ళకి.

వాల్-ఈ, అదే ఆ చెత్త పోగుచేసే రోబో సినిమా సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు, 2008లో వచ్చినప్పుడు డీవీడీ అరిగేదాకా చూశావు. అయితే ఇప్పుడు మళ్ళీ చూడు, ఈసారి మెకానిక్ కళ్ళతో. మొదట్లోనే తనలాంటి చచ్చిపడున్న రోబో చక్రాల పట్టీలు ఊడదీసి తనకి తగిలించుకుంటాడు, ఆ చెత్తకుప్పల మధ్య ఇన్నేళ్ళు వాడొక్కడే నడుస్తున్నాడంటే అందుకే. చివర్లో ఈవ్ అనే రోబో దెబ్బతిన్న వాణ్ణి భూమికి తెచ్చి, వాడు కాపురముండే పాత బండిలో వాడే దాచుకున్న స్పేర్లతో బోర్డ్ మారుస్తుంది, ఆ బండి పైకప్పు పేల్చేసి ఎండ తగిలేలా చేస్తుంది, కళ్ళు తెరుస్తాడు, ఈవ్‌ని గుర్తుపట్టడు, ఏరి దాచుకున్న వస్తువులన్నీ చెత్త అనుకుని నలిపేస్తాడు. టెస్టింగ్ చేస్తే అన్నీ పాస్ రా, వాడు మాత్రం వాడు కాదు. ఆ తర్వాత చేతిలో చెయ్యి పెట్టగానే అంతా గుర్తొచ్చేయడం డైరెక్టర్ మనకి వేసిన టోపీ, బోర్డ్ మార్చాక డేటా ఎక్కడి నుంచి వచ్చిందో నన్నడక్కు. నువ్వు మాత్రం ఎవడో రాసిన కోడ్‌లో చెయ్యి పెట్టేముందు బ్యాకప్ తీసుకో, పనికిరాదనిపించిన లైన్ కనిపిస్తే పీకేసేముందు అదెందుకుందో ఒకసారి కనుక్కో.

సినిమాలకి చేసే రిపేర్ ఇంకో లోకం. ఫ్రిట్జ్ లాంగ్ మెట్రోపోలిస్ 1927లో బెర్లిన్‌లో రిలీజయ్యాక కోసేశారు, నాలుగో వంతు దాకా పోయింది. 2008లో బ్యూనస్ ఐరిస్‌లో ఒక మ్యూజియంలో 16 ఎంఎం (సన్న రకం ఫిల్మ్) కాపీ బయటపడింది, అందులో పోయిన సీన్లు దాదాపు అన్నీ ఉన్నాయి, కాకపోతే అది అరిగిపోయిన ప్రింట్ నుంచి తీసిన కాపీ, గీతలు బొమ్మతో పాటే ప్రింటయిపోయాయి, తుడిస్తే పోయేవి కావు. ఏ సీన్ ఎక్కడ రావాలో తేల్చడానికి అప్పటి మ్యూజిక్ నొటేషన్ పనికొచ్చిందట, దాంట్లో ఫలానా చోట తెర మీద ఫలానాది అని వెయ్యికి పైగా గుర్తులున్నాయి. ఇదీ డాక్యుమెంటేషన్ అంటే, మీ వాళ్ళకి చెప్పు. 2010లో చూపించినప్పుడు కొత్తగా దొరికిన సీన్లు గీతలతోనే ఉంచారు, బొమ్మ తగ్గిన చోట నల్ల అంచు వదిలేశారు, అసలు దొరకనే దొరకని కొట్లాట సీన్‌కి అక్షరాల్లో రాసి పెట్టారు. ఏది పాతదో ఏది అతుకో చూసేవాడికి తెలిసిపోతుంది. మీ నాన్నకి అది చిరాకు, ఇంత డబ్బు పెట్టి శుభ్రంగా చేయలేకపోయారా అంటారు. నాకైతే దొంగ పాలిష్ కన్నా అదే బాగుంది.

రెండున్నర గంటల మూకీ అది, నాన్న అరగంటకే గురక. దసరాకి వస్తావుగా, మనిద్దరం చూద్దాం. సైలెంట్ రన్నింగ్ మాత్రం ముందే నువ్వొక్కడివీ చూసెయ్, నా పక్కన కూర్చుంటే హ్యూయీ దగ్గర నేను ఏడుస్తానని సినిమా మానేసి నన్నే చూసి నవ్వుతావు.

అమ్మ