వేట మొదలయ్యే రోజుకి ఇంటికి రా

విశాఖపట్నం,
మే 27.

చిరంజీవి చిన్నాకి అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఫోన్ చేస్తే "బాగానే ఉన్నానమ్మా, షూట్‌లో ఉన్నాను" అని పెట్టేస్తున్నావు. ఉత్తరమైతే చివరిదాకా చదువుతావని కాగితం తీశాను.

ముందు అప్పు సంగతి. పోయిన మంగళవారం లోన్ యాప్ వాళ్ళు నాకే ఫోన్ చేశారు. కెమెరా ఈఎంఐ కట్టడానికి తీసుకున్నావని, వడ్డీతో కలిపి 18 వేలు దాటిందని వాళ్ళ నోటి నుంచి విన్నాను. నాకు చెప్పి ఉంటే ఆ రోజే గాజులు తాకట్టు పెట్టేదాన్ని కదరా. జూన్ 5న చీటీ పాట ఉంది. ఈసారి నేనే పాడుకుంటాను. ముందు ఆ అప్పు తీర్చేద్దాం. ఇంకెప్పుడూ ఆ యాపుల జోలికి వెళ్ళనని నాకు మాటివ్వు.

కెమెరా అమ్మేస్తానని నీ ఫ్రెండ్‌తో అన్నావట. వాళ్ళమ్మ జాకెట్లు తీసుకెళ్ళడానికి వచ్చి వాడే చెప్పాడు. ఎనిమిది నెలలుగా హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఒకే గదిలో అయిదుగురు సర్దుకుంటున్నారు. నీ సినిమా ఆఫీసులో భోజనం పెడుతున్నారు గానీ, జీతం అడిగితే వచ్చే షెడ్యూల్‌కి అంటున్నారు. క్లాప్ కొట్టడం నేర్చుకున్నాను, ఏ షాట్‌లో ఏది ఎలా ఉందో కంటిన్యుటీ రాయడం నేర్చుకున్నాను అని మొదట్లో ఎంత సంబరంగా చెప్పేవాడివి! ఈ మధ్య ఆ మాటలే లేవు. నువ్వు తీసి, నాచేత తల్లి వేషం వేయించిన మన సినిమా పేరు కూడా ఎత్తడం లేదు. ఏడు ఫెస్టివల్స్‌కి పంపితే ఏడూ వద్దన్నాయని, నీకు ఇది రాదని అనుకుంటున్నావు. అది తప్పు. ఆ సినిమా ఇంకా పూర్తి కాలేదు. పూర్తి కానిదాన్ని పంపాం, అంతే.

నీకు గుర్తుందా, పోయిన ఏడు ఏప్రిల్ 20న తెల్లవారుజామున మూడింటికి అందరం ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాం. నేను పధ్నాలుగు మందికి ఇడ్లీ కట్టి తెచ్చాను. పడవలన్నీ సముద్రంలోకి వెళ్ళే షాట్‌తో సినిమా అయిపోవాలి. కథలో మొగుడు చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు, ఇప్పుడు కొడుకూ పడవ ఎక్కుతున్నాడు, తల్లి జెట్టీ మీద నిలబడి చూస్తోంది. నువ్వు కథ రాసుకున్నదే ఆ షాట్ కోసం. తీరా వెళ్ళి చూస్తే మరబోట్లన్నీ ఒకదానికొకటి కట్టేసి ఉన్నాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఈ ఊళ్ళో పుట్టి పెరిగి మనకెవరికీ ఆ తేదీ గుర్తు రాలేదు. నువ్వు తాళ్ళ కుప్ప మీద కూర్చుని తల పట్టుకున్నావు. ఆ పూట నీ మొహం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

మే నెలాఖరుకి పంపకపోతే గడువు దాటిపోతుందని, మర్నాడు పెదజాలరిపేటలో ఒక తెప్ప నీళ్ళలోకి తోస్తుంటే అదే తీసి సరిపెట్టావు. తెడ్డుతో వెళ్ళే తెప్పకి నిషేధం లేదు కాబట్టి అది దొరికింది. కానీ సినిమా అంతా మరబోటు గురించి చెప్పి చివర్లో తెప్ప చూపిస్తే, చూసేవాళ్ళకి అది ఎవరిదో, ఎక్కడికి వెళ్తోందో ఎలా తెలుస్తుంది? కాలేజీ హాల్లో వేసినప్పుడు నా పక్కన కూర్చున్న ఆవిడ "అయిపోయిందా?" అని అడిగింది. నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. జూన్ దాకా ఆగమని ఆ రోజు నేనైనా అనాల్సింది. అనలేదు, ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

ఆగడం గురించి నాకు చెప్పింది నువ్వే. బెంగాలీ డైరెక్టర్ సత్యజిత్ రే గారు తన మొదటి సినిమా పథేర్ పాంచాలి తీస్తున్నప్పుడు రెల్లుపూల పొలంలో సగం సీను తీసి, వారం తర్వాత మిగతాది తీద్దామని వెళ్తే పశువులు ఆ పూలన్నీ మేసేశాయని చెప్పావు. మళ్ళీ రెల్లు పూసేదాకా, అంటే మరుసటి ఏడు దాకా ఆగి ఆ సీను తీశారన్నావు. 1952లో మొదలుపెట్టిన సినిమా 1955లో గానీ విడుదల కాలేదట. మధ్యలో డబ్బులైపోయి భార్య నగలు తాకట్టు పెట్టారని కూడా నువ్వే చెప్పావు. ఇంకొకటి కూడా చెప్పావు, అది నాన్నకి చెప్పలేదు నువ్వు. రే గారు యాడ్ ఏజెన్సీలో ఉద్యోగం మానకుండా ఆదివారాలు షూటింగ్ చేసేవారట. నాన్న బ్యాంకు పరీక్షలు రాయమంటే కోపం తెచ్చుకోకు. బ్యాంకే కానక్కర్లేదు, నెలకింత అని చేతికొచ్చే పని ఏదైనా చూసుకో. జీతం ఇవ్వనివాళ్ళ దగ్గర ఆకలితో తిరిగితే సినిమా గురించి ఆలోచించే ఓపిక ఎక్కడినుంచి వస్తుంది?

ఇక సౌండ్. ఇది నువ్వు ఒప్పుకోవాలి. బీచ్‌లో తీసినవాటిలో ఒక్క మాటా వినబడలేదు, అంతా గాలి, అలల హోరు. అందుకని మన బెడ్‌రూమ్‌లో బీరువా తలుపులు తెరిచి, బొంతలు, దుప్పట్లు వేలాడదీసి, మే నెల ఎండలో ఫ్యాన్ ఆపేసి నాచేత డబ్బింగ్ చెప్పించావు. "ఇంకా రాలేదేటి?" అన్న ఆ ఒక్క మాట 31 సార్లు చెప్పాను. పక్కింట్లో కుక్కర్ విజిల్, పోర్టులో ఓడ కూత, ఒకటి ఆగితే ఒకటి. ఆఖరిసారి చెప్పినప్పుడు నాకు నిజంగానే ఏడుపొచ్చింది, నువ్వు అదే ఉంచావు. అది బాగుంది. మిగతా సీన్లలో మాత్రం మాట ఒకచోట, మనిషి ఒకచోట ఉన్నట్టుంది. సముద్రం ఎదురుగా నిలబడ్డ మనిషి గొంతు గదిలోంచి వస్తోంది. ఈసారి సౌండ్ తెలిసిన అబ్బాయిని ఒక్క రోజుకైనా మాట్లాడు, డబ్బులు చీటీలోంచి ఇద్దాం. మనుషులు లేనప్పుడు ఉత్త అలల చప్పుడు కూడా విడిగా రికార్డు చేసుకోవాలని నువ్వే ఎక్కడో చదివి చెప్పావు. అప్పుడు టైం లేక వదిలేశావు.

"ఇంకా రాలేదేటి?" అన్న మాట యాస తగ్గించి చెప్పిస్తే బాగుండేదని హైదరాబాద్‌లో ఎవరో అన్నారట. వాళ్ళ మాట వినకు. నువ్వు మొదట పుస్తకంలో మాటల్లా రాసుకొస్తే, జాలరిపేటలో ఎవరూ అలా అనరని నేనే మార్పించాను. 2018లో మన ఊరి కంచరపాలెం మనుషులతోనే అక్కడే తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' సినిమా హాల్లో చూసొచ్చి, రాత్రి పన్నెండు దాకా నిద్రపోలేదు నువ్వు. "అమ్మా, మనలా మాట్లాడుతున్నారు" అన్నావు. నీకు ఈ పిచ్చి పట్టింది ఆ రోజే. ఆ మాట మర్చిపోకు.

కైలాసగిరి మీద తీసిన అయిదు నిమిషాలు తీసెయ్. కొండ మీంచి ఊరు బాగుంది, కానీ జెట్టీలో బతికే ఆవిడకి అక్కడ పనేముంది? నేను నటించాను కాబట్టి చెప్తున్నాను, అక్కడ ఏమనుకుంటూ నడవాలో నాకు తెలియలేదు.

ఇప్పుడు నేను చేసిన ఏర్పాట్లు విను. జూన్ 14 అర్ధరాత్రితో నిషేధం అయిపోతుంది. ఆ తర్వాత గంగమ్మకి కొబ్బరికాయలు కొట్టి పడవలు బయల్దేరతాయి. ఐస్, డీజిల్, బియ్యం ఎక్కించడం రెండు రోజుల ముందే మొదలవుతుంది, నువ్వు అదీ తీసుకోవచ్చు. 2023 నవంబరులో హార్బర్‌లో మంటలు లేచి 40 దాకా పడవలు కాలిపోయాయి చూడు, అందులో పడవ పోగొట్టుకున్నతను ఒకడు మన వీధి చివర ఉంటాడు. ఇప్పుడు ఇంకొకరితో కలిసి వేరే పడవ నడుపుతున్నాడు. అతన్ని అడిగాను. డబ్బులు వద్దన్నాడు, పడవలో పనిచేసే కళాసీలకి భోజనం పెడితే చాలన్నాడు. కాలిపోయిన తన పడవ ఫోటో కూడా ఒక్కటి లేదట, ఈ పడవైనా సినిమాలో ఉండాలన్నాడు.

తూర్పు సముద్రం కాబట్టి పొద్దున్నే మనకి దొరికే వెలుగే వెలుగు, సాయంత్రమైతే సూర్యుడు కొండల వెనక్కి ముందే దిగిపోతాడని నువ్వే అంటావు. జూన్‌లో అయిదున్నరకల్లా ఎండ వచ్చేస్తుంది. మబ్బు పట్టినా ఫర్వాలేదు, వేటకి పంపే తల్లికి ఆ రోజు ఆకాశం ఎలా ఉన్నా ఒకటే. డ్రోన్ మాత్రం తేవద్దు, నేవీ వాళ్ళ ఊరు, లేనిపోని గొడవ.

జెట్టీలో కెమెరా పెట్టాలంటే రాతపూర్వకంగా అడగాలట. ఆ దరఖాస్తు ఎవరి పేర రాయాలో నాన్న పోర్టులో కనుక్కుని వచ్చారు. నేను అడగలేదు. రాత్రి అన్నం తింటూ ఆయనే చెప్పి, ఇంకేం మాట్లాడకుండా లేచి చెయ్యి కడుక్కున్నారు.

నువ్వు వదిలేసి వెళ్ళిన లెన్స్ ఉప్పు గాలికి ఫంగస్ పట్టకుండా సిలికా జెల్ పొట్లాలు వేసి గట్టి మూత డబ్బాలో పెట్టాను. నెలకోసారి పొట్లాలు మారుస్తున్నాను. కెమెరా నువ్వు తీసుకురా. 11న సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే 12న పొద్దున్నే దిగుతావు. టికెట్ డబ్బులు రేపు పంపుతాను.

పోయిన ఏడు కట్టుకున్న ఆకుపచ్చ అంచు చీర విడిగా మడిచి ఉంచాను, ఎక్కడా కట్టలేదు. జుట్టుకి అప్పుడెలా ఉందో అలాగే రంగు వెయ్యకుండా ఉంచాను. ఎడమ చేతికి రెండు మట్టిగాజులు ఉండాలి కదా, ఒకటి పగిలింది. అదే రంగుది పూర్ణా మార్కెట్‌లో దొరికింది.

అమ్మ