అర్ధరాజ్యంతో పాటు అమ్మాయి కూడానా?

సంపాదకుల వారికి,

మీ ఆదివారం పిల్లల పేజీ మా ఇంట్లో అందరం చదువుతాం. కథలు బాగుంటున్నాయి గానీ, వాటిలో ఆడపిల్లలకు అప్పగించే పనులే బాగుండటం లేదు. మొన్నటి కథలో అన్న సైకిల్ చైన్ బిగిస్తాడు, దొంగ వెంట పడతాడు. చెల్లెలేమో మంచినీళ్ల చెంబుతో గుమ్మంలో నిలబడుతుంది. వేసిన బొమ్మలో అయితే ఆ పిల్ల సగమే కనిపించింది! ఇక జానపద కథల సంగతి సరేసరి. అర్ధరాజ్యంతో పాటు రాకుమార్తెనూ ఇచ్చేస్తారు, ఆమెను అడిగిన పాపాన ఎవరూ పోరు.

కథే కదా అనకండి. ఇక్కడ కోడంబాక్కంలో మా అపార్ట్‌మెంట్‌లో ట్యూషన్ నుంచి ఏడింటికి వచ్చే తమ్ముడికి వేడి దోసె. అదే ట్యూషన్ నుంచి అతనితోనే వచ్చిన అక్కకు "ఇంత ఆలస్యమా?" అని అక్షింతలు.

1923లో కాకినాడ ఖద్దరు ప్రదర్శనలో టికెట్ లేదని నెహ్రూనే ఆపేసిన వాలంటీరు 14 ఏళ్ల దుర్గాబాయి. ఆవిడే 1937లో ఈ మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. అలాంటి గడుసు పిల్ల మన కథల్లోకి రావడానికి ఏమిటి అడ్డం? రచయితలకు మీరిచ్చే సూచనల్లో ఈ విషయం ఒక్క వాక్యమైనా చేర్చగలరు.

– ఒక పాఠకురాలు, కోడంబాక్కం, చెన్నై