అమ్మ 7-1 దాటేసింది

తిరుపతి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సీనా,

జవాబు రాయలేదని అలిగి కూర్చున్నావని మీ తమ్ముడు చెప్పాడు. అలగొద్దురా. స్పాట్ వాల్యుయేషన్ అయ్యేసరికి అమ్మ మోకాలి ఆపరేషన్ వచ్చింది, అది అయ్యేసరికి అక్క, పాప సెలవులకి దిగారు. ఫోన్ చేద్దామంటే నువ్వు షిఫ్టులో ఉంటావు, నువ్వు చేసినప్పుడు ఇక్కడ ఇంటినిండా జనం. ఇది జనం మధ్యలో చెప్పే విషయం కాదు. మిగతా వార్తలు గబగబా చెప్పేస్తా: ఎండలు మామూలే, గంగమ్మ జాతర బాగా జరిగింది, లీలామహల్ దగ్గర ట్రాఫిక్ అట్లే ఉంది, నీలం చొక్కా సంగతి ఇంకా ఎవరికీ తెలియదు. అయిపోయాయి.

ఇక విను. అమ్మ 7-1 దాటేసింది.

అవును, మన మారియో వీడియో గేములోనే, ఏడో లోకంలో మొదటి స్టేజి. దానిలో ఏదో మోసముంది, మనిషన్నవాడు దాటలేడు అని నువ్వు గోవిందరాజస్వామి గుడి వైపు చెయ్యి చూపించి ఒట్టేశావు చూడు, ఆ 7-1. అడుగుకో ఫిరంగి, ఫిరంగికో గుండు. నువ్వు నమ్మవని తెలుసు. పాప సాక్షి, అక్క సాక్షి, పాలు పోయడానికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయిన అబ్బాయి కూడా సాక్షి.

ఎట్లా మొదలైందంటే, పాప అటక మీద ఏదో వెతుకుతూ మన పాత వీడియో గేము డబ్బా దించింది. ఎర్ర అంచు తెల్ల డబ్బా, పసుపు క్యాసెట్. పైన వేలకొద్దీ ఆటలని రాసుంటుంది, లోపల అవే ఐదారు ఆటలు తిరిగి తిరిగి వస్తుంటాయి కదా, అదే. అడాప్టర్ కాలిపోయి ఉంది, కొత్తది తెచ్చాను. హాల్లో కొత్త టీవీకి పెడితే మారియో ఎగరమన్న చోట ఎగరడు, ఒక క్షణం ఆగి ఎగురుతాడు. ఈ కొత్త టీవీలు వచ్చిన బొమ్మని ఉన్నదున్నట్టు చూపించవు, కాసేపు తమలో తాము నూరుకుని అప్పుడు చూపిస్తాయి. మామూలు సినిమాకి తెలియదు, గుండు మీదికొస్తున్నప్పుడు తెలుస్తుంది. చివరికి అమ్మ గదిలో డబ్బా టీవీకి తగిలించాం. దాన్ని పాత సామాన్లవాడికి వేసేద్దామని నేను ఎన్నిసార్లు అన్నా అమ్మ ఒప్పుకోలేదు. అదే పనికొచ్చింది. వైరు పెట్టగానే ఆ పాట వచ్చింది రా... సరేలే, అది నీకు వేరే చెప్పక్కర్లేదు.

పాప చురుకు. 1-2లో పైకెక్కి నాలుగో లోకానికి, 4-2లో తీగ పట్టుకుని ఏడో లోకానికి, దగ్గరి దారులన్నీ రెండు రోజుల్లో పట్టేసింది. అక్కడ ఆగింది. మనం ఎక్కడ ఆగామో సరిగ్గా అక్కడే. పువ్వు తిని నిప్పులు విసిరింది. నిప్పులు గుండుని ఏమీ చేయవు కదా, తగిలి ఆరిపోతాయి. "మామా, దీన్ని ఎట్లా చంపాలి?" అని అడిగితే "గుండు మామని పైనుంచి తొక్కాలి" అన్నాను నోరు జారి. గుండు మామ ఎవరని ఇంకా అడుగుతూనే ఉంది. నీ పేరు చెప్పలేదులే.

అమ్మ అదే గదిలో కాలు చాపుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉంది. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమెకి దేని మీదా మనసు లేదు. సీరియల్ పెడితే కట్టెయ్యమంటుంది, ఎవరైనా పలకరించడానికి వస్తే కళ్ళు మూసుకుంటుంది. డాక్టర్ నడవమంటాడు, ఈమె మంచం దిగదు. నాకు లోపల భయంగానే ఉండేది, ఎవరితోనూ అనలేదు. నాన్న పోయిన ఏడాది కూడా ఇట్లాగే... వద్దులే అది.

పాప మళ్ళీ చచ్చింది. రిమోట్ మంచం మీదికి విసిరింది. అప్పుడు అమ్మ తల ఎత్తకుండానే, "ఎందుకే అట్లా పరిగెత్తతావు? దాని పక్కనే పోయి గమ్మున నిలబడు, అది కాల్చదు" అంది.

నేను నవ్వాను. పాప నవ్వలేదు, "చేసి చూపించు అవ్వా" అని రిమోట్ చేతిలో పెట్టింది. అమ్మ చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, రిమోట్‌ని ఒళ్ళో పెట్టుకుంది, చూపుడువేలితో నొక్కుతోంది. మనలాగా బొటనవేళ్ళు కాదు. ఒక వేలు ముందుకి పోయే మీట మీద, ఇంకోటి ఎగిరే మీట మీద. పరిగెత్తే మీట ఒకటుందని ఆమెకి తెలియనే తెలియదు.

నడుచుకుంటూ పోయింది. గుండు వచ్చింది, ఎగిరింది. నేరుగా ఫిరంగి దగ్గరికి పోయి, ఆనుకుని నిలబడింది. నిలబడింది అంటే నిజంగా నిలబడింది రా! మనం చచ్చేంత హడావిడిగా దూకి పారిపోయే చోట ఈమె తీరిగ్గా ఆగి "పాపా, ఆ కళ్ళద్దాలు ఇటియ్యి" అంది. ఫిరంగి నోరెత్తలేదు. కళ్ళద్దాలు పెట్టుకుంది, దాని నెత్తిమీదికెక్కింది, అక్కడా ఆగింది. ముందున్న ఇంకో ఫిరంగి నుంచి వచ్చిన గుండు కిందనుంచి పోయింది. దిగి, దాని దగ్గరికి పోయింది. మళ్ళీ ఆనుకుని నిలబడింది.

"నీకెట్లా తెలుసమ్మా?" అన్నాను.

"మీరిద్దరూ పగలూ రాత్రీ ఆడతా ఉంటే నేను ఈ గడపలో కూర్చుని చూస్తానే ఉంటిని గదా. దగ్గరికి పోయినప్పుడు అది ఒక్కసారి కూడా కాల్చలా. మీరు చూస్తే గదా!"

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా?"

"మీరు అడిగినారా? పైగా మీ నాయన స్విచ్చు కట్టేసే టైముకి ఎవరో ఒకరు చావాల గదా, లేకుంటే అన్నానికి లేస్తారా మీరు."

సీనా, కాసేపు ఆగి దీన్ని అర్థం చేసుకో. ఆమెకి తెలుసు. మనం ఆ అద్దె క్యాసెట్ల కోసం చేసిన పనులన్నీ చేసి, నెయ్యి లెక్కలు తప్పు రాసి (అది ఎత్తనులే), తెల్లవార్లూ చచ్చి బతికి చచ్చిన ఆ వేసవులన్నీ ఆమె గడపలో కూర్చుని జవాబు పెట్టుకుని ఉంది!

ఎట్లా పట్టావని ఇంకా తొలిస్తే ఏమందో తెలుసా? "మీ నాయనమ్మ కోపంలో ఉన్నప్పుడు దూరం పోతే వీధంతా వినపడేట్టు అరిచేది. పోయి పక్కన కూర్చుంటే నోరు పెగిలేది కాదు. ఇదీ అంతే." అక్క పడీ పడీ నవ్వింది. ఆ ఫిరంగికి ఇప్పుడు మా ఇంట్లో నాయనమ్మ పేరే ఖాయమైంది.

రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇది నిజమేనా, లేక అమ్మ అదృష్టమా అని కూర్చుని వెతికాను. ఆ ఆట ప్రోగ్రాం మొత్తాన్ని విప్పి, వరస వరసకీ పక్కన వివరణ రాసిపెట్టిన పుణ్యాత్ములున్నారు. నిజంగానే ఉంది రా అందులో! ఫిరంగి గుండుని వదలగానే ప్రోగ్రాం మొదట చేసే పని ఏంటంటే, మారియో అటు పక్కో ఇటు పక్కో ఎంత దూరంలో ఉన్నాడో కొలవడం. సుమారు 40 చుక్కల (పిక్సెళ్ళ) లోపు, అంటే రెండున్నర ఇటుకల దూరంలో ఉంటే ఆ గుండుని పుట్టిన చోటే తుడిచేస్తుంది. కాల్చడం మానేయడం కాదు, పుట్టిస్తుంది, చూస్తుంది, చంపేస్తుంది. అడ్డంగా దూరం ఒక్కటే కొలుస్తుంది, ఎత్తు కొలవదు. అందుకే నెత్తిమీదికెక్కినా ఏమీ కాదు. 1985 సెప్టెంబర్ 13న జపాన్‌లో వచ్చిన ఆట అది. క్యాసెట్ మొత్తం 40 కిలోబైట్లు. మబ్బుకీ పొదకీ ఒకే బొమ్మ వాడి రంగు మార్చి సర్దుకున్నారు ఆట తయారుచేసిన మియమోతో వాళ్ళు. అంత పిసినారితనంలో కూడా, మీద మీదే పుట్టిన గుండు నుంచి ఎవడూ తప్పించుకోలేడు, అది అన్యాయం అని ఒక లెక్కకి చోటిచ్చారు. ఇప్పటి ఫోన్ ఆటల్లో డబ్బులు కట్టమని చంపుతారు చూడు, వాళ్ళకి ఈ నాలుగు వరసలు ఫ్రేము కట్టించి పంపాలి.

ఇంకోటి విను, ఇది నీ ఇంజనీరు బుర్రకి. గుండు వేగం ఫ్రేముకి, అంటే తెర మీద బొమ్మ ఒకసారి మారేలోపు, ఒకటిన్నర చుక్క. మారియో నడకలో గరిష్ఠ వేగం కూడా సరిగ్గా అంతే. పరుగెడితే రెండున్నర. మనం ఎదురు పరిగెత్తితే గుండు మన మీదికి ఫ్రేముకి నాలుగు చుక్కల చొప్పున వస్తుంది. అమ్మలాగా నిలబడితే ఒకటిన్నరే. సెకనుకి 60 ఫ్రేములు, తెర వెడల్పు 256 చుక్కలు. లెక్కేసుకో, నిలబడినవాడికి ఎంత తీరిక దొరుకుతుందో. గుండు వేగంగా రాలేదు రా, మనమే దానికి ఎదురెళ్ళి గుద్దుకున్నాం. పైగా అది మారియోని వెంటాడదు, బయలుదేరినప్పుడు ఏ వైపు ఉన్నాడో చూసుకుంటుంది, అంతే, ఇక తిన్నగా పోతుంది. ఎప్పుడు కాలుస్తుందన్నది మాత్రం లెక్కకి అందదు, చీటీ తీసినట్టు తీస్తుంది. అందుకే నువ్వు "ఒకటి, రెండు, మూడు, ఇప్పుడు!" అని అరిచినప్పుడల్లా నేను చచ్చాను.

ఎక్కడున్నాను... ఆ, అమ్మ. కుక్కగొడుగు వచ్చినా తినలేదు! పాప గొడవ, "తిను అవ్వా, పెద్దగవుతావు" అని. "పొట్టిగా ఉంటే పొడుగు ఫిరంగి గుండు నెత్తిమీదుగా పోతాది, పెద్దగై ఏం బావుకోవాల" అంది. సుత్తులు విసిరే జంట దగ్గరికి వచ్చేసరికి మాత్రం రిమోట్ పాపకిచ్చి కళ్ళు మూసుకుంది. అది దాటగానే మళ్ళీ లాక్కుంది. ఈలోగా నాలుగు వందల నుంచి దిగే టైము వంద కిందికి పడి పాట జోరందుకుంది, నాకూ పాపకీ ఒకటే టెన్షన్, "పో అమ్మా పో" అని. ఆమె చివరి ఫిరంగి పక్కన నిలబడి మోకాలు సవరించుకుంటోంది! "ఇంకా ఉండాదిలే" అంటుంది. ఉంది కూడా. ఆ నాలుగు వందలూ కలిపి రెండున్నర నిమిషాల పైమాటే, నడిచి పోయినా స్టేజి నిమిషంలో అయిపోతుంది. మెట్లెక్కి, జెండా కర్ర అడుగున ఎక్కడో పట్టుకుని జారింది. వంద పాయింట్లో ఏవో వచ్చాయి. పాలబ్బాయి చప్పట్లు కొట్టాడు.

ఆ సాయంత్రం తనే లేచి వాకిలి దాకా నడిచింది. ఎవరూ చెప్పలేదు.

మొన్న పాపని చంద్రగిరి కోటకి తీసుకెళ్ళాను. రాజమహల్ చూసినంతసేపు ఆవులించింది గానీ, కోట గోడ దగ్గర మాత్రం రాళ్ళకి వీపు ఆనించి "మామా, ఇక్కడ నిలబడితే పైనుంచి ఫిరంగి పేల్చినా నాకు తగలదు కదా" అంది. తగలదు! గోడమీది ఫిరంగి మూతి కొంచెమే కిందికి వంగుతుంది, గోడ అడుగున ఉన్నవాడిని అందుకోలేదు. అందుకే గోడలోంచి ముందుకి పొడుచుకొచ్చేట్టు బురుజులు కట్టి పక్కనుంచి కాల్చేవాళ్ళు. ఇది చెబితే "అయితే మారియోలో బురుజులు లేవు" అని తేల్చేసింది. హైదర్ అలీ 1782లో మన చిత్తూరు దగ్గర దండులోనే చచ్చిపోయాడని చెప్పాను, "గుండు తగిలా?" అంది. కాదు, వీపు మీద రాచపుండు. జీవితమంతా ఫిరంగుల మధ్య తిరిగినవాడు! పాపకి ఇది చాలా అన్యాయంగా తోచింది.

ఇప్పుడు కొత్త గొడవ. బావ ముంబై నుంచి స్విచ్ అనే కొత్త వీడియో గేము డబ్బా తెస్తున్నాడు, దాంట్లో మారియో మూడో భాగం ఉందట. 1988ది. గాల్లో ఎగిరే ఓడలు, వాటినిండా ఫిరంగులు, ఏటవాలుగా కూడా కాల్చేవి, గుండ్లు నిజంగా గుండ్రటివి. అక్కడ తెర తనంతట తనే జరుగుతూ ఉంటుంది, నిలబడితే వెనక అంచు నెట్టేస్తుంది. పాప నిన్నటి నుంచి అవ్వని ఏడిపిస్తోంది, "అక్కడ నీ నాయనమ్మ కిటుకు పనిచెయ్యదు" అని. అమ్మ ఏమందో తెలుసా? "ఓడే నడస్తా ఉంటే ఇంక నేను నడిచే పనేముండాది?"

దీనికి నా దగ్గర జవాబు లేదు, నీ దగ్గరేమైనా ఉంటే రాయి. మారియో 64లో అయితే మనిషే ఫిరంగిలో దూరతాడు అని చెప్పాను, అది విని అమ్మ నన్ను చూసిన చూపు నువ్వు చూడాలి, సరిగ్గా నీ పెళ్ళి భోజనాల్లో ఆ పెద్దాయన...

బావ ఫోన్. రైలు రేణిగుంటలో ఆగి ఉందట, ముంబై బండి ముందే రావడం ఎప్పుడైనా విన్నావా! ఆటో దొరకాలి ఇప్పుడు. నీ కొత్త ఇంటి పిన్‌కోడ్ పంపు, లేకపోతే ఈ కవరు ఇక్కడే ఉండిపోతుంది.

నీ
బక్కోడు