బడిలో చేపల పెంపకం నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప అని పరీక్షలో రాసే మా తొమ్మిదో తరగతి విద్యార్థుల్లో, దానిని నీటిలో ఈదుతుండగా చూసినవారు అరుదు. ఉన్నత పాఠశాలల్లో చేపల పెంపకాన్ని, వాగుల సంరక్షణను పాఠ్యాంశంగా చేర్చాలని కోరుతున్నాను. బొచ్చె చేప పైనీటిలో, రోహు చేప నడుమ, మృగాల చేప అడుగున మేత వెతుక్కుంటాయి కనుక మూడింటినీ ఒకే చెరువులో పెంచవచ్చునన్న సంగతి, తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గితే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయన్న సంగతి గట్టున నిలబడి చూస్తేనే మనసుకెక్కుతాయి. గత వానాకాలంలో తొలి వానకు మురుగు చేరి మా పేట చెరువులో చచ్చిన చేపలు తేలిన ఉదయం పిల్లలు కారణం అడిగితే నేను సరిగా చెప్పలేకపోయాను. ఉస్మాన్‌సాగర్‌కు నీరు తెచ్చే మూసీని, హిమాయత్‌సాగర్‌కు నీరు తెచ్చే ఈసీని నెలకొకసారైనా పిల్లలకు చూపి, వారి చేతే నీటి పరీక్షలు చేయించాలి. బోధనకు మత్స్యశాఖ సిబ్బందితో పాటు మత్స్యకార సంఘాల పెద్దలనూ పిలవాలి.

— ఒక ఉపాధ్యాయిని, హైదరాబాద్