మెట్లబావికి సిమెంటు వద్దు

సంపాదకులకు,

సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట మెట్లబావిని పూడిక తీసి 2022లో జనానికి తెరిచాక, మిగతా ఊళ్లలోనూ పాత బావుల చుట్టూ పార్కులు కట్టాలన్న ఉత్సాహం కనిపిస్తోంది. మంచిదే. చిక్కల్లా రాళ్ల సందుల్లో సిమెంటు కూరడంతోనే. రాతి వెనక తేమ ఆ సందుల గుండానే ఆరాలి. సిమెంటు అడ్డుపడితే ఆ తేమ రాతిలోంచి ఆరుతుంది. ఉప్పు తెల్లగా పేరుకుని అంచులు పెచ్చులూడతాయి. సందులు నింపడానికి సిమెంటు బదులు ఒక వంతు సున్నం, మూడు వంతులు జల్లించిన ఇసుక చాలు. సున్నం కనీసం రెండు వారాలు నీళ్లలో నానాలి; నానని పలుకులు తర్వాత గోడలో పొంగి పూతను పగలగొడతాయి. నింపిన సందులపై వారంపాటు తడి గోనెసంచులు కప్పాలి. టెండరులో ఈ సున్నం పనికి విడిగా పద్దు పెట్టకపోతే మేస్త్రీ సిమెంటే కలుపుతాడు, అతన్ని అనీ లాభం లేదు. రంగు లైట్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

– పాత కట్టడాల మరమ్మతు ఇంజినీర్లు, వరంగల్