చలానా బండికి, లైసెన్సుకి మచ్చ లేదు

సంపాదకుడు గారికి,

బెంజి సర్కిల్‌లో రెడ్ సిగ్నల్ పడ్డాక దూసుకుపోయే బండిని కెమెరా పట్టుకుంటుంది, కానీ దానికి కనబడేది నంబరు ప్లేటే. చలానా మెసేజ్ ఓనరు ఫోనుకి వస్తుంది. ఎవరో ఒకరు డబ్బు కట్టేస్తారు, అక్కడితో సరి. నడిపిన మనిషి లైసెన్సు మీద గీత కూడా పడదు.

ఇందులో నలిగేది ఎవరో ఆటోనగర్‌లో ఎవరినడిగినా చెప్తారు. అద్దె ఆటో తీసుకున్న కుర్రాడు రామవరప్పాడు రింగు దగ్గర రాంగ్ రూట్లో వస్తే చలానా ఓనరుకి. పేరు మార్పించకుండా అమ్మేసిన స్కూటరు మీద ముగ్గురెక్కి తిరిగితే పాత ఓనరుకి. ఏలూరు రోడ్డులో అయితే వెనక కూర్చున్నవాడు చెయ్యి కిందికి చాపి ప్లేటు మూసేస్తాడు, ముందున్నవాడు సిగ్నల్ దాటించేస్తాడు. (ఇంత తెలివి హెల్మెట్ పెట్టుకోవడానికి మాత్రం రాదు.)

చట్టం చేతకానిదేమీ కాదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సు చెల్లదు. సిగ్నల్ జంప్, చేతిలో ఫోను, రాంగ్ రూట్ ఇవన్నీ ప్రమాదకరంగా నడపడం కిందికే వస్తాయి. అలాంటి వాళ్ల లైసెన్సు తీసుకుని పోలీసులు రవాణా శాఖకి పంపొచ్చు. అక్కడి అధికారి ఆ మనిషి చెప్పేది విని మొదటిసారి మూడు నెలలు ఆపొచ్చు, మళ్లీ దొరికితే రద్దే చేయొచ్చు. ఇవి వాడకుండా జరిమానాలు మాత్రమే వసూలు చేస్తే జనం బకాయి పెట్టి కూర్చుంటారు. పక్కన తెలంగాణలో 2022లో టూ వీలర్ల పాత చలానాల్లో 75 శాతం తగ్గించారు. ఆషాఢం డిస్కౌంట్ లాగా అప్పటిదాకా ఆగినవాడే లాభపడ్డాడు!

కెమెరా మనిషిని గుర్తుపట్టలేదు కదా అంటారేమో. అదే చట్టంలో 133వ సెక్షను ఉంది. పోలీసులు అడిగితే నడిపిందెవరో, అతని లైసెన్సు వివరాలేమిటో ఓనరు చెప్పి తీరాలి. ఆ ప్రశ్న చలానా మెసేజ్‌లోనే అడగొచ్చు కదా? ఓనరు ఫలానా వాడని చెప్తే, ఆ ఫలానా వాడికీ కాదనడానికి గడువివ్వాలి. లేకపోతే తమ్ముడి తప్పు పనివాడి నెత్తిన పడుతుంది. ఆటో మీద బతికేవాళ్లకి మూడు నెలలంటే పస్తులే కాబట్టి చిన్న తప్పులకి మొదట హెచ్చరికతో సరిపెట్టినా నాకు అభ్యంతరం లేదు, కానీ అది రికార్డులో ఉండాలి. స్కూలు ఆటోలో పిల్లల్ని ఎక్కించే తల్లిదండ్రులు ఆ డ్రైవరు రికార్డు ఫోనులో చూసుకునే ఏర్పాటు రవాణా శాఖ చేయాలి.

ఒక పాఠకుడు,
పటమట, విజయవాడ