క్లాడ్ రెయిన్స్‌ను మరచిన వ్యాసం

సంపాదకులకు,

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో ‘కాసాబ్లాంకా’ (1942) చిత్రంపై వచ్చిన వ్యాసం చదివాను. హంఫ్రీ బోగార్ట్, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌ల నటనను విపులంగా మెచ్చుకున్న వ్యాసకర్త, పోలీసు అధికారి కెప్టెన్ రెనోగా నటించిన క్లాడ్ రెయిన్స్ పేరు మాటవరసకైనా ఎత్తకపోవడం పెద్ద లోటు. ఇక్కడ జూదం జరుగుతోందా అని నివ్వెరపోయినట్లు నటిస్తూ కేఫ్ మూయించి, అదే నిమిషంలో తాను జూదంలో గెలిచిన సొమ్మును మర్యాదగా పుచ్చుకునే ఆ అధికారి లేకపోతే చిత్రంలోని వ్యంగ్యంలో సగం పోయినట్లే. నాజీలకు తలొగ్గిన ఫ్రెంచి ప్రభుత్వం నడిచిన విషీ పట్టణం పేరును నీళ్ల సీసా మీద చూసి, దాన్ని చెత్తబుట్టలో పడేసి ఒక్క తన్ను తన్నడంతో ఆ పాత్ర ఏ పక్షానికి మళ్లిందో మాటలు లేకుండానే తెలిసిపోతుంది.

1889లో లండన్‌లో పేద కుటుంబంలో పుట్టిన రెయిన్స్‌కు చిన్నతనంలో రకారం నోరు తిరిగేది కాదు. దానికి తోడు లండన్ శ్రామికవర్గపు కాక్నీ యాస. అదే నగరంలోని నాటకశాలలో చిన్నాచితకా పనులతో మొదలుపెట్టి, ఆ నాటకశాలను నడిపిన నటుడు సర్ హెర్బర్ట్ బీర్బోమ్ ట్రీ ప్రోత్సాహంతో ఉచ్చారణ దిద్దుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు దాడికి గురై ఒక కంటి చూపు దాదాపుగా కోల్పోయారు. ఆ తరువాత రాయల్ అకాడెమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో తరువాత పేరుమోసిన నటులైన జాన్ గీల్గుడ్, చార్లెస్ లాటన్ వంటివారికి పాఠాలు చెప్పి, అమెరికా రంగస్థలానికి తరలివెళ్లారు. హాలీవుడ్‌లో ఆయనకు పేరు తెచ్చిన ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’ (1933) విడుదలయ్యేనాటికి ఆయన వయసు 40 దాటింది. అందులో ఆయన ముఖం చివరి క్షణాల్లో తప్ప కనిపించదు. చిత్రాన్ని నడిపించేదంతా కంఠమే. పద్యనాటకాలు ఎరిగిన తెలుగువారికి ఆ కంఠం విలువ విడమరచి చెప్పనక్కరలేదు.

అమెరికా వెళ్లిన బ్రిటిష్ నటులు చాలామంది దొరలుగా, సేవకులుగా ఒకే మూసలో ఉండిపోగా, రెయిన్స్ ఆంగ్ల రాకుమారుడిగానూ, అవినీతిలో కూరుకుపోయిన అమెరికన్ సెనేటర్‌గానూ, ఫ్రెంచి పోలీసుగానూ ఒప్పించారు. హిచ్‌కాక్ తీసిన ‘నొటోరియస్’ (1946)లో ఆయనది బ్రెజిల్‌లో తలదాచుకున్న నాజీ పాత్ర. అయినా భార్య తనను మోసగించిందని గ్రహించి తెల్లవారుజామున తల్లి గదికి వెళ్లే ఘట్టంలో అతనిపై జాలి కలుగుతుంది. నాయకుడి మీద కలగని జాలి అది. ఉత్తమ సహాయ నటుడిగా 4 సార్లు ఆస్కార్‌కు నామినేట్ అయినా ఒక్కసారీ దక్కకపోవడం, నా దృష్టిలో, ఆ బహుమతికే వెలితి.

పాత హాలీవుడ్ చిత్రాల పరిచయాలు మీరు కొనసాగించదలిస్తే, ‘నొటోరియస్’ వంతు వచ్చినప్పుడైనా ఈ నటుడి గురించి ఒక పేరా రాయించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ